పాత జిప్సీ కొంటున్నారా? బానెట్ తర్వాత ఎత్తొచ్చు, ముందు బండి కిందికి దూరండి

మారుతి జిప్సీ చూడ్డానికి వెళ్లగానే అమ్మేవాడు చేసే మొదటి పని బానెట్ ఎత్తి బండి స్టార్ట్ చేయడం. "చూడండి సార్, కుట్టు మిషన్‌లా ఉంది" అంటాడు. ఉంటుంది కూడా. ఆ ఇంజన్ అంత తేలిగ్గా పాడయ్యేది కాదు, పాడైనా ఏ ఊళ్లో మెకానిక్కైనా తెలిసినదే. మారుతి ఎస్టీమ్‌లో వచ్చిన ఇంజన్ కుటుంబమే కాబట్టి సామాన్లకూ కరువు లేదు. జిప్సీ కొన్నవాళ్లను ముంచేవి వేరే మూడు: తుప్పు తిన్న బాడీ, పగిలి వెల్డింగ్ పడిన ఛాసిస్, బండితో సరిపోలని సి-బుక్. ఈ మూడూ బానెట్ కింద కనపడవు. అందుకే ఇందులో ఇంజన్ గురించి తక్కువ, మిగతా వాటి గురించి ఎక్కువ ఉంటుంది.

ఏ జిప్సీ?

బయటికి అన్నీ ఒకలాగే ఉన్నా లోపల నాలుగు రకాల బళ్లున్నాయి. 1985 డిసెంబరులో వచ్చిన ఎంజి410లో 970 సిసి కార్బురేటర్ ఇంజన్, 45 హార్స్‌పవర్, నాలుగు గేర్లు. 1993లో చక్రాల మధ్య వెడల్పు 9 సెంటీమీటర్లు పెంచి వైడ్‌ట్రాక్ తెచ్చారు. ఎత్తు ఎక్కువ, వెడల్పు తక్కువ ఉన్న బండికి మలుపుల్లో ఆ 9 సెంటీమీటర్లు చాలా పెద్ద తేడా. 1996లో జిప్సీ కింగ్: 1298 సిసి, 60 హార్స్‌పవర్, ఐదు గేర్లు. 2000లో అదే 1.3 ఇంజన్‌కి పదహారు వాల్వులు, ఎంపిఎఫ్‌ఐ (కార్బురేటర్ బదులు పెట్రోలును చిమ్మే ఇంజెక్షన్ పద్ధతి) చేరి 80 హార్స్‌పవర్ అయింది. 2019లో మామూలు కొనుగోలుదారులకు అమ్మకం ఆగిపోయేదాకా నడిచింది ఇదే.

మొదటిసారి కొనేవాళ్లకు మా సలహా ఎంపిఎఫ్‌ఐ. పొద్దున్నే చోక్ లాగే పని ఉండదు, ఘాట్‌లో ఎత్తు పెరిగేకొద్దీ కార్బురేటర్ బండి అంత నీరసపడదు, ఇంజన్ సామాన్లు సులువుగా దొరుకుతాయి. కార్బురేటర్ కింగ్ కూడా మంచి బండే, కానీ మీ ఊళ్లో కార్బురేటర్ ట్యూనింగ్ చేతనైన పాత మెకానిక్ ఒకరైనా ఉండాలి. అలాంటివాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. ఇరుకు చక్రాల తొలి ఎంజి410 అపురూపంగా దాచుకోవడానికి బాగుంటుంది. రోజూ ఆఫీసుకి వేసుకెళ్లే బండి మాత్రం కాదు.

హార్డ్‌టాప్, సాఫ్ట్‌టాప్ దగ్గర మాత్రం మొహమాటం లేకుండా చెప్పాలి: అందం సాఫ్ట్‌టాప్‌ది, సుఖం హార్డ్‌టాప్‌ది. రెగ్జిన్ టాపు కుట్లలోంచి కారిన వాన నీళ్లు మ్యాట్ కింద చేరి నేలరేకును తినేస్తాయి. సాఫ్ట్‌టాప్ కొంటే తుప్పు వెతకడానికి రెట్టింపు సమయం పెట్టుకోండి.

బండి ఎక్కణ్నుంచి వచ్చిందో అడగండి

జిప్సీకి గతం ముఖ్యం. ఒకే ఇంట్లో పెరిగిన బండి అరుదు, దొరికితే వదలొద్దు. ఎక్కువగా దొరికేవి ఆర్మీ వేలం బళ్లు, ప్రభుత్వ శాఖల బళ్లు, అడవుల్లో సఫారీకి తిరిగినవి, ఢిల్లీ నుంచి దిగినవి.

ఆర్మీ బండికి సర్వీసింగ్ లెక్కప్రకారం జరిగి ఉంటుంది, కానీ వేలానికి వచ్చేనాటికి కొన్ని సామాన్లు మాయమై ఉంటాయి. వేలం కాగితాలు, డెలివరీ ఆర్డరు, సివిల్ నంబరు పడిన సి-బుక్, అన్నీ ఒకే ఛాసిస్ నంబరు చూపించాలి. "నంబరు ఇంకా పడలేదు, మీరు చేయించుకోవచ్చు" అంటే అక్కడే ఆగిపోండి. ఇంకో మాట: మిలిటరీ ఆకుపచ్చ రంగు ముచ్చటగానే ఉంటుంది గానీ, కేంద్ర మోటారు వాహన నిబంధనల 121వ రూలు ప్రకారం ఆలివ్ గ్రీన్ రక్షణ శాఖ బళ్లకే. కొన్నాక రంగు మార్చే ఖర్చు కూడా బేరంలో కలపండి.

రణథంబోర్ లాంటి చోట సఫారీకి తిరిగిన జిప్సీలకు టాపు తీసేసి, వెనక మెట్లమెట్లుగా సీట్లు బిగిస్తారు. ఏళ్ల తరబడి నిండా మనుషులతో గుంతల్లో తిరిగిన బండికి వెనక కమాన్లు (పట్టీల స్ప్రింగులు) సాగిపోతాయి, ఛాసిస్ అలసిపోతుంది. పైగా అవి ట్రాన్స్‌పోర్ట్ బళ్లు, సొంత బండిగా మార్పించుకోవడం మరో తిరుగుడు. చవకగా వస్తుందని మొగ్గకండి.

ఢిల్లీ బండి చవక కావడానికి కారణం తెలిసిందే, అక్కడ 15 ఏళ్లు దాటిన పాత పెట్రోలు బళ్ల మీద ఆంక్షలున్నాయి. ఉత్తరాది పొడి గాలికి బాడీలు బాగానే ఉంటాయి. కానీ ఎన్‌ఓసి (అక్కడి ఆర్‌టిఏ ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం) చేతికి రాకుండా అడ్వాన్సుకి మించి ఒక్క రూపాయి ఇవ్వొద్దు. అంతకన్నా ముందు మీ ఆర్‌టిఏ ఆఫీసుకి సి-బుక్ జిరాక్సు పట్టుకెళ్లి, ఈ వయసు బండికి ఇక్కడ నంబరు ఇస్తారా, లైఫ్ ట్యాక్స్ ఎంత పడుతుంది అని అడగండి. ఆ ఒక్క పూట పని చేయక బండిని లారీలో తెచ్చుకుని షెడ్డులో పెట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

మన దగ్గరి బళ్లలో కూడా తేడా ఉంది. హైదరాబాద్, కరీంనగర్, కర్నూలు వైపు తిరిగినవాటి కన్నా విశాఖ, కాకినాడ, మచిలీపట్నం తీరంలో ఉన్నవాటికి ఉప్పు గాలి దెబ్బ ఎక్కువ.

చూడ్డానికి వెళ్లేటప్పుడు

టార్చి, మొద్దుబారిన స్క్రూడ్రైవరు, చిన్న అయస్కాంతం, రెండు చెక్క ముక్కలు, కింద పడుకోవడానికి ఒక గోనెసంచి తీసుకెళ్లండి. జాకీ బండిలోనే ఉంటుంది, లేకపోతే అదీ ఒక సమాచారమే. పొద్దున్నే వెళ్లండి, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంటే ఎందుకు వేడిచేశారో ఆలోచించుకోవాలి.

మొదట గోనెసంచి పరిచి కిందికి దూరండి. జిప్సీ ఛాసిస్ నిచ్చెన ఆకారంలో రెండు పొడుగు పట్టీలు. ముందు నుంచి వెనకదాకా టార్చి వేసుకుంటూ, స్క్రూడ్రైవరు పిడితో కొడుతూ రండి. టంగ్ టంగుమంటే గట్టిగా ఉన్నట్టు, డబడబలాడితే లోపల గుల్ల. కొత్తగా నల్లరంగు కొట్టిన ఛాసిస్ మీద అనుమానం ఎక్కువ పెట్టుకోండి. ముఖ్యంగా రెండు చోట్ల ఆగండి. ఒకటి, వెనక కమాన్లు షాకిళ్లతో (కమాను చివరను ఛాసిస్‌కి తగిలించే కొక్కేలతో) వేలాడే చోటు. చక్రాలు విసిరే బురదంతా అక్కడే పేరుకుని తడి ఆరదు. రెండోది, స్టీరింగ్ బాక్సు ఛాసిస్‌కి బిగించిన చోటు. పెద్ద టైర్లు వేసిన బళ్లకు ఇక్కడ వెంట్రుక లాంటి పగులు వస్తుంది. మట్టి గోకి, ఒకరిని సీట్లో కూర్చోబెట్టి స్టీరింగ్ అటూ ఇటూ ఊపమంటే ఆ పగులు నోరు తెరవడం కంటికి కనిపిస్తుంది. కనిపిస్తే లేచి దుమ్ము దులుపుకుని వచ్చేయండి.

తర్వాత బాడీ. ముందు సీట్ల కాళ్ల దగ్గర మ్యాట్ ఎత్తి చూడండి, ఎత్తనివ్వకపోతే కింద నుంచి స్క్రూడ్రైవరుతో పొడవండి. వెనక చక్రాల పైరేకులు, టెయిల్‌గేట్ అడుగు అంచు, ముందు అద్దం ఫ్రేము కింది మూలలు, తలుపు కింది గడప, ఇవీ తుప్పు చోట్లు. అయస్కాంతం అంటుకోని చోట రేకు లేదు, లప్పం ఉంది. నేలరేకు ఒకచోట పోతే టింకరింగ్‌తో అతుకు వేయించుకోవచ్చు. బాడీ ఛాసిస్ మీద కూర్చునే బుష్షుల చుట్టూ రేకు పోయి ఉంటే మాత్రం బాడీ మొత్తం ఎత్తి చేయాల్సిన పని, నెలలు పడుతుంది.

ఇప్పుడు ముందు ఇరుసు. జిప్సీలో అన్నిటికంటే ఎక్కువ అరిగేది ఇక్కడే. చక్రం వెనక గుండ్రటి ఇనప బంతి లాంటి నకుల్ ఉంటుంది. దాని మీద పల్చని గ్రీజు పొర ఉంటే మామూలే. నల్లటి జారుడు చారులా కారుతుంటే లోపలి ఇరుసు ఆయిల్ సీలు పోయి, డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలోని గేర్ల పెట్టె) ఆయిల్ నకుల్‌లోకి వచ్చి గ్రీజును కరిగించేసినట్టు. సీలు ఖరీదు తక్కువే, కానీ అది మార్చాలంటే హబ్బు, డిస్కు, నకుల్ అన్నీ విప్పాలి. రోజంతా పట్టే పని. ఎలాగూ విప్పుతారు కాబట్టి, నకుల్ ఎడమకీ కుడికీ తిరగడానికి ఆధారమైన కింగ్‌పిన్ బేరింగులు, వీల్ బేరింగులు కూడా అప్పుడే వేయించుకోవడం లాభం.

కింగ్‌పిన్ చూసే పద్ధతి ఇది. వెనక చక్రాలకు చెక్క ముక్కలు అడ్డం పెట్టి, ముందు ఇరుసు కింద జాకీ వేసి ఒక చక్రం లేపండి. టైరును పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. లూజు తగిలితే, లోపల కూర్చున్నవాళ్లను బ్రేకు గట్టిగా నొక్కమని మళ్లీ ఊపండి. ఊపు పోయిందంటే లూజు వీల్ బేరింగుది, బిగిస్తే సరిపోవచ్చు. బ్రేకు నొక్కినా ఊగుతుంటే కింగ్‌పిన్ బేరింగులది. ఇప్పుడు చేతులు ఎడమా కుడీ మార్చి ఊపండి, ఆ లూజు టై రాడ్ ఎండ్లది. రెండో వైపు కూడా ఇలాగే.

చక్రం లేచి ఉండగానే ఫోర్ వీల్ డ్రైవ్ కూడా చూసేయొచ్చు, రోడ్డు ఎక్కక్కర్లేదు. ఇంజన్ ఆపి, గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేయండి. చక్రం మధ్యలోని హబ్బు (చక్రాన్ని ముందు ఇరుసుకి కలిపే, విడదీసే లాకు) వదులు మీద ఉంటే లేచిన చక్రం తేలిగ్గా తిరగాలి, ముందు ప్రొపెల్లర్ షాఫ్టు (ఇరుసుని తిప్పే పొడుగు కడ్డీ) కదలకూడదు. రెండు వైపులా హబ్బులు లాక్ చేసి, ఫోర్ వీల్ వేసే చిన్న లివరు టూ వీల్‌లో ఉంచి తిప్పితే చక్రంతో పాటు ఆ షాఫ్టూ తిరగాలి. లివరు ఫోర్ వీల్ హైలో వేస్తే చక్రం అసలు తిరగకూడదు. తిరిగిందంటే హబ్బు పట్టడం లేదు, లేదా ట్రాన్స్‌ఫర్ కేసులో (ఇంజన్ బలాన్ని ముందు, వెనక ఇరుసులకు పంచే పెట్టె) గేరు పడడం లేదు. గాలితో లాకయ్యే హబ్బులున్న బళ్లలో సన్నని గొట్టాలు ఎండి పగిలి గాలి నిలవక లాక్ కావు. చాలామంది వాటిని తీసేసి చేత్తో తిప్పే హబ్బులు వేసుకుంటారు. అది తప్పేం కాదు, మేమైతే అదే మేలంటాం.

ట్రాన్స్‌ఫర్ కేసు గేరుబాక్సుకి అంటుకుని ఉండదు, మధ్యలో చిన్న షాఫ్టుతో విడిగా మూడు రబ్బరు మౌంట్ల మీద వేలాడుతుంది. దాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపండి. కొంచెం కదలాలి, గంటలా ఊగకూడదు. మౌంట్లు చచ్చిన బండి యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా కింద "ఠక్"మంటుంది, ఒక్కోసారి లివరు దానంతటదే జారిపోతుంది. మెకానిక్కులు చాలాసార్లు దీన్ని గేరుబాక్సు జబ్బనుకుని గేరుబాక్సు దించుతారు. ముందు మౌంట్లు మార్చి చూడండి.

ఇక ఇంజన్, బానెట్ ఇప్పుడు ఎత్తండి. ఆయిల్ మూత విప్పి లోపల తెల్లటి మీగడ ఉందేమో, రేడియేటర్ మూత విప్పి ఆయిల్ తేలుతోందేమో చూడండి. చల్లగా ఉండగా స్టార్ట్ చేసినప్పుడు ఒక్కసారి నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు. నడుస్తున్నంతసేపూ వస్తుంటే రింగులు. కంప్రెషన్ గేజు ఉన్న మెకానిక్ దొరికితే నాలుగు సిలిండర్లూ కొలిపించండి. 1.3 ఇంజన్‌కి చదరపు సెంటీమీటరుకి 14 కిలోల దగ్గర ఉంటే బాగున్నట్టు. 12కి తగ్గకూడదు, సిలిండర్ల మధ్య తేడా ఒక కిలో మించకూడదు.

ఇంకొకటి, చాలామంది చూడనిది. స్టార్ట్ చేసిన వెంటనే రేడియేటర్ పైన ఉండే గొట్టం మీద చెయ్యి పెట్టి ఉంచండి. కొన్ని నిమిషాలు చల్లగా ఉండి, తర్వాత ఉన్నట్టుండి వేడెక్కాలి. మొదటి నుంచీ మెల్లమెల్లగా వెచ్చబడుతోందంటే థర్మోస్టాట్ పీకేశారు. "మన ఎండలకి అది అక్కర్లేదు" అని పీకేసే అలవాటు మన షెడ్లలో ఉంది. ఎంపిఎఫ్‌ఐలో ఇంజన్ తగినంత వేడెక్కకపోతే కంప్యూటరు పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది, మైలేజీ పడిపోతుంది. పైగా, చాలాసార్లు బండి ఒకసారి కాగాకే దాన్ని పీకుతారు. హెడ్ గాస్కెట్ సంగతి గట్టిగా అడగండి.

నడిపి చూడటం

కనీసం పది కిలోమీటర్లు నడపండి, అందులో కొంత గతుకుల రోడ్డు ఉండాలి. మూడు నుంచి రెండో గేరులోకి దించుతున్నప్పుడు గరగరమంటే సింక్రో (గేర్ల వేగాన్ని కలిపే రింగు) అరిగింది. ఐదో గేరులో యాక్సిలరేటర్ తొక్కీ వదిలీ చూడండి, గేరు బయటికి తన్నకూడదు.

తర్వాత 50 నుంచి 70 మధ్య వేగంలో ఏదైనా చిన్న గతుకు మీదుగా పోనివ్వండి. స్టీరింగ్ చేతుల్లో గింజుకుంటూ ముందు భాగమంతా వణికితే అదే జిప్సీల పేరుమోసిన ఊపు జబ్బు. భయపడి వదిలేయక్కర్లేదు, బాగవుతుంది, కానీ బేరంలో గట్టి ఆయుధం. ముందు ఇరుసు మీద కొత్తగా బిగించిన స్టీరింగ్ డ్యాంపర్ (ఊపును అణిచే చిన్న షాక్ అబ్జార్బర్) కనిపిస్తే మాత్రం జాగ్రత్త. జబ్బు నయం చేయకుండా మందు పూసి దాచారేమో.

కాగితాలు

సి-బుక్‌లో ఉన్న ఛాసిస్ నంబరును ఛాసిస్ పట్టీ మీద కొట్టిన నంబరుతో ఒక్కో అక్షరం కలిపి చూడండి. తుప్పు గోకి, సుద్దముక్కతో రుద్దితే అక్షరాలు తేలతాయి. చుట్టూ వెల్డింగ్ ఉన్నా, అక్షరాలు వంకరగా ఉన్నా ఆ బండి మనకొద్దు.

ఇంజన్ నంబరు దగ్గర ఎక్కువమంది బోల్తా పడతారు. మైలేజీ కోసం డీజిల్ ఇంజన్ దించిన జిప్సీలు చాలా తిరుగుతున్నాయి. సి-బుక్‌లో ఇంకా పెట్రోలే ఉంటుంది. అలాంటి బండికి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీకి క్లెయిము కొట్టేయడానికి అదొక్కటి చాలు. ఫిట్‌నెస్‌కి వెళ్తే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూడగానే పట్టేస్తాడు. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదని మోటారు వాహన చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ముందు బంపరుకి బిగించే ఇనప గార్డుల మీద 2017 డిసెంబరు నుంచే కేంద్రం నిషేధం ఉంది.

సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూసి ఫారం 25 మీద పొడిగిస్తారు. 2022 ఏప్రిల్ నుంచి కారుకి ఆ ఫీజు 5,000 రూపాయలు, 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటిన వాటికి 10,000. గ్రీన్ ట్యాక్స్ విడిగా. గడువు ఇప్పటికే ముగిసిన బండి అయితే, అమ్మేవాడి పేరు మీదే రెన్యువల్ చేయించి ఇమ్మనండి. ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకోండి. లోను ఉన్న గుర్తు ఉంటే ఫైనాన్స్ కంపెనీ ఎన్‌ఓసి, ఫారం 35 అడగండి. చలానాలు బండి నంబరు కొట్టి మీరే చూసుకోండి. పేరు మార్పును "తర్వాత చూద్దాం" అని వదిలేస్తే, ఆ పాత ఓనరు దొరకని రోజు ఒకటి వస్తుంది.

తెచ్చుకున్న మొదటి నెల

కొన్న ధరలో నాలుగో వంతు చేతిలో ఉంచుకోండి, రంగులకూ లైట్లకూ కాదు, ఈ పనులకు.

టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే లెక్క. బెల్టుతో పాటు టెన్షనర్ కూడా మార్చండి. వాటర్ పంపు కూడా అప్పుడే, ఎందుకంటే పంపు విప్పాలంటే మళ్లీ ఆ బెల్టు తీయాల్సిందే. కార్బురేటర్ బళ్లలో పెట్రోలు గొట్టాలన్నీ మార్చేయండి. ఇప్పుడొచ్చే ఇథనాల్ కలిసిన పెట్రోలుకి పాత రబ్బరు మెత్తబడి చిట్లుతుంది. ఇథనాల్‌కి తట్టుకునే ఇంజెక్షన్ రకం గొట్టమే అడిగి కొనండి. బండి నెలల తరబడి నిలబెట్టేటట్టయితే ట్యాంకు సగం ఖాళీగా వదలకండి, తడి పడుతుంది.

తర్వాత ఆయిళ్లు. ఇంజన్‌కి నాలుగు లీటర్ల డబ్బా ఒకటి తెచ్చుకుని డిప్‌స్టిక్ చూసుకుంటూ పోయండి. కిందివి మర్చిపోయేవాళ్లే ఎక్కువ: గేరుబాక్సుకి సుమారు 1.3 లీటర్లు, ట్రాన్స్‌ఫర్ కేసుకి 0.8, ముందు డిఫరెన్షియల్‌కి 2, వెనకదానికి 1.5. అంటే మొత్తం ఆరు లీటర్లు తెచ్చుకుంటే సరిపోతుంది. డిఫరెన్షియళ్లకు జిఎల్-5 రకం గేర్ ఆయిల్, గేరుబాక్సుకీ ట్రాన్స్‌ఫర్ కేసుకీ జిఎల్-4 అడగండి. ఎప్పుడైనా ముందు పోసే పైబోల్టు విప్పండి, అది వచ్చాకే కింది డ్రెయిన్ బోల్టు ముట్టుకోండి. ఉన్న ఆయిల్ కార్చేసి, పైబోల్టు తుప్పుకి రాక బండిని అక్కడే నిలబెట్టుకోవడం షెడ్లలో తరచూ జరిగే తమాషా. పైబోల్టు రంధ్రం అంచుకి ఆయిల్ వచ్చి కారడం మొదలైతే నిండినట్టు. కారిన ఆయిల్‌ని తెల్ల గుడ్డ మీద వేసి చూడండి. నల్లగా ఉంటే వయసు, కాఫీ పాలలా ఉంటే నీళ్లు, మెరిసే ఇనప రజను ఎక్కువుంటే బేరింగు లేదా గేరు పళ్లు.

ప్రొపెల్లర్ షాఫ్టుల క్రాసులకూ జారుడు జాయింట్లకూ ఉండే నిపుల్స్‌కి గ్రీజు కొట్టించండి, పాత గ్రీజు అంచుల్లోంచి బయటికి వచ్చేదాకా. ఐదు వేల కిలోమీటర్లకోసారి, నీళ్లలో దిగితే మర్నాడే.

ఊపు జబ్బుకి వరస ఉంది, వరస తప్పితే డబ్బు వృథా. మొదట చక్రాల బ్యాలెన్సింగు, టైర్లలో గాలి, టైర్లు ఒకే వయసువేనా అన్నది. తర్వాత టో-ఇన్ (ముందు చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండే కొలత), 2 నుంచి 6 మిల్లీమీటర్లు ఉండాలి. ఆ తర్వాత వీల్ బేరింగులు, టై రాడ్ ఎండ్లు, కమాను బుష్షులు. అప్పటికీ పోకపోతే కింగ్‌పిన్ బేరింగులు. కొత్త బేరింగులు వేశాక వాటి బిగువును షిమ్ములతో (పల్చటి రేకు బిళ్లలతో) సరిచేయాలి. పెద్ద ఆయిల్ సీలు బిగించకముందు, టై రాడ్ రంధ్రానికి స్ప్రింగు త్రాసు తగిలించి లాగితే నకుల్ 1 నుంచి 1.8 కిలోల మధ్య కదలాలి. త్రాసు చేపలు తూచేదైనా ఫర్వాలేదు. "చేత్తో చూశాను, బాగుంది" అనే మెకానిక్ దగ్గర ఆ ఊపు ఆరు నెలల్లో తిరిగొస్తుంది. డ్యాంపర్ ఇవన్నీ అయ్యాకే.

కమాన్లు గట్టిగా ఉన్నాయని చాలామంది ఒక పట్టీ తీయించేస్తారు. అంతకన్నా ముందు కట్ట విప్పించి, పట్టీల మధ్య తుప్పు గోకించి, గ్రాఫైటు గ్రీజు పెట్టించి, బుష్షులు కొత్తవి వేయించండి. సగం కుదుపు అక్కడే పోతుంది. సాగిపోయిన కట్టలకు మళ్లీ వంపు ఎక్కించే పనివాళ్లు విజయవాడ జవహర్ ఆటోనగర్ లాంటి చోట ఉన్నారు. ఎడమ కుడి రెండూ ఒకేసారి చేయించాలి, లేకపోతే బండి ఒక పక్కకి వాలుతుంది.

అమెరికా నుంచి చుట్టాలు వస్తుంటే ఒక కిటుకు. అక్కడ సుజుకి సమురాయ్‌గా అమ్మింది దీని తోబుట్టువే. సీళ్లు, నకుల్ కిట్లు, చేతి హబ్బులు లాంటివి సూట్‌కేసులో వచ్చేస్తాయి. కొనేముందు పాతదాని కొలత ఒకసారి పోల్చుకోండి. జిప్సీ పొడుగు బండి కాబట్టి ప్రొపెల్లర్ షాఫ్టు, వెనక బాడీ రేకులు మాత్రం సరిపోవు.

టైర్లు కంపెనీ కొలతకి దగ్గర్లోనే ఉంచండి. లావు టైర్లు వేస్తే ఫోటోలో బాగుంటుంది. 80 హార్స్‌పవర్ బండి ఘాట్‌లో మూలుగుతుంది, బేరింగులు అరుగుతాయి, పైన చెప్పిన స్టీరింగ్ బాక్సు పగులు మొదలవుతుంది. టన్ను బరువున్న బండి ఇది. బురదలో దీని బలమే ఆ తేలికదనం, దాని మీద ఇనుము పేర్చడం ఎందుకు?

ఇక తిప్పుకోవడం

హైవే మీద 80 దగ్గర జిప్సీ హాయిగా ఉంటుంది. ఆపైన శబ్దమే తప్ప ప్రయాణం లేదు. ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ ఉండవని గుర్తుంచుకుని ముందు బండికి దూరం పాటించండి. వెనక పక్కబల్లల మీద పిల్లల్ని కూర్చోబెట్టొద్దు. ట్యాంకు 40 లీటర్లు, లీటరుకి పది పన్నెండు అనుకుని బయల్దేరండి. మారేడుమిల్లి, లంబసింగి, అనంతగిరి దారులు ఈ బండికి సరిగ్గా సరిపోతాయి. శ్రీశైలం వెళ్తుంటే మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. రిజర్వు అడవిలో తారు రోడ్డు దిగి పక్కదారి పట్టడం నేరం. ఫోర్ వీల్ ఉందని అటవీ శాఖ మినహాయింపేం ఇవ్వదు.

ఫోర్ వీల్ తారు రోడ్డు మీద వేయొద్దు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటి కన్నా ఎక్కువ దూరం తిరగాలి. ముందు వెనక షాఫ్టులు ఒకటిగా బిగిసి ఉంటే ఆ తేడా ఎక్కడికీ పోలేక గేర్ల మీద మెలిపడుతుంది. లివరు ఇరుక్కుపోయి రాకపోతే కొట్టకండి, నాలుగడుగులు వెనక్కి తిన్నగా పోనిస్తే మెలి వీడి జారుతుంది. మట్టి మీద హైలోకి నిదానంగా పోతూ వేయొచ్చు. ఫోర్ వీల్ లో గేరులోకి మాత్రం బండి పూర్తిగా ఆపి, క్లచ్ తొక్కే వేయాలి. బండి ఇరుక్కున్నాక కాదు, బురద కనపడగానే దిగి హబ్బులు లాక్ చేయండి. మోకాలి లోతు బురదలో కూర్చుని హబ్బు తిప్పడం మీకే కష్టం.

ఇసుకలో గాలి 15 నుంచి 18 పిఎస్‌ఐకి తగ్గించండి, స్టీరింగ్ పూర్తిగా తిప్పొద్దు, ఆగాల్సి వస్తే బండి ముందు వైపు దిగుడు ఉండేలా చూసుకుని ఆగండి. తారు ఎక్కేముందు మళ్లీ గాలి నింపాలి కాబట్టి పంపు బండిలో ఉండాలి.

వానాకాలం వాగు దాటేటప్పుడు ముందు దిగి నడిచి చూడండి. మీరు నడవలేని ప్రవాహంలో బండి కూడా నిలవదు. దూరం నుంచి వచ్చి ఉంటే ఒడ్డున పావుగంట ఆగండి. వేడి మీదున్న ఇరుసు చల్లటి నీళ్లలో పడగానే లోపలి గాలి ముడుచుకుని, సీళ్లలోంచి, బ్రీదర్‌లోంచి (ఇరుసు లోపలి గాలి వచ్చిపోయే చిన్న రంధ్రం) నీళ్లు పీల్చుకుంటుంది. డిఫరెన్షియల్ బ్రీదర్లకు గొట్టం తగిలించి ఇంజన్ గది దాకా పైకి తెచ్చుకోవడం జిప్సీకి చేయగల అతి చవకైన, అతి పనికొచ్చే మార్పు. దాటాక బ్రేకు నాలుగుసార్లు మెల్లగా నొక్కుతూ వెనక డ్రమ్ములు ఆరనివ్వండి. మర్నాడు పొద్దున, బండి కదిలించకముందు, రెండు డిఫరెన్షియళ్ల డ్రెయిన్ బోల్టులూ పూర్తిగా తీయకుండా కొంచెం వదులు చేయండి. నీళ్లు బరువు కాబట్టి రాత్రంతా అడుగుకి దిగి ఉంటాయి. మొదటి చుక్కలు నీళ్లయితే ఆయిల్ మొత్తం మార్చాలి, శుభ్రమైన ఆయిలే వస్తే బోల్టు బిగించేయండి.